రేడియేటర్‌లో పోసిన నీళ్లు

దుబాయ్‌లో ట్రైలర్ నడిపేవాళ్లకు చలి అంటే ఏసీ చలే. అల్ ఖూజ్‌లోని మా యార్డు నుంచి పోర్టుకు, పోర్టు నుంచి గోదాములకు తిరుగుతూ నేను ఎన్నో ఎండాకాలాలు గడిపాను. నా బండి రేడియేటర్‌కు చిన్న లీకు ఉండేది. ఆ సంగతి చెబితే బండి షెడ్డుకు పోతుంది, నేను ట్రిప్పులు లేక కూర్చోవాలి. అందుకని క్యాబిన్‌లో ఒక నీళ్ల క్యాన్ పెట్టుకుని, కూలెంట్ తగ్గినప్పుడల్లా మామూలు నీళ్లు పోసేవాణ్ని. యార్డులో చాలామంది అదే చేసేవాళ్లు. కూలెంట్ అనే ఆ ఆకుపచ్చ మందు చలికి నీళ్లు గడ్డకట్టకుండా కాపాడుతుందని అందరికీ తెలుసు. ఇక్కడ గడ్డకట్టేదేముంది అనుకునేవాళ్లం.

కరోనా తగ్గి సరిహద్దులు తెరిచాక, చలికాలంలో కంపెనీకి జోర్డాన్ లోడ్లు వచ్చాయి. సౌదీ అంతా దాటి ఉత్తరం కొసకు పోవాలి. మేము ముదీర్ అని పిలిచే మేనేజర్ మొదట నన్నే పొమ్మన్నాడు. నడుము నొప్పి అన్నాను. నడుము బాగానే ఉంది. అంత దూరం ఒక్కణ్నే పోవడం ఇష్టం లేకపోయింది, అంతే. నా బండిని నా గదిలోనే ఉండే జగిత్యాల వైపు డ్రైవర్‌కు ఇచ్చారు. నాకంటే కొన్నేళ్లు చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు.

బయలుదేరే ముందు అతను పడ్డ తిప్పలు చూసి యార్డంతా నవ్వింది. రేడియేటర్ ముందు కట్టడానికి అట్టలు తెచ్చాడు, బ్యాటరీ మీద కప్పడానికి పాత దుప్పటి తెచ్చాడు. డీజిల్ చలికి చిక్కబడకుండా ట్యాంకులో కలిపే మందు సీసా కూడా కొన్నాడు.

"బండికి ముసుగు తన్ని పండవెడ్తున్నవా ఏంది?" అన్నాను.

"నవ్వు అన్నా, నవ్వు. ఆడ బండి ఆగితే నువ్వొస్తవా నూకనీకి?" అని రేడియేటర్ మూత తిప్పి లోపలికి తొంగి చూశాడు. "పచ్చగనే ఉన్నది గని పల్చగ కొడ్తుంది. అంత కూలెంటేనా?"

"కూలెంటే. ఇంకేముంటది?"

"మరి క్యాబిన్ల ఈ నీళ్ల క్యాన్?"

"అది మొకం కడుక్కోనీకి."

అతను నమ్మాడు. లీకును మాత్రం నేను అంతకుముందే గమ్‌తో మూసేశాను. అందువల్ల దారిలో చుక్క కారలేదు. నేను పోసిన నీళ్లు నీళ్లుగానే సరిహద్దు దాకా వెళ్లాయి.

అక్కడ క్యూలో ఒక రాత్రంతా బండి ఆగింది. ఊరికే ఇంజన్ నడిపి డీజిల్ కాల్చొద్దని కంపెనీ రూలు, అందుకే ఆపి పడుకున్నాడు. కూలెంట్ సరిగా ఉంటే దానివల్ల ఏమీ అయ్యేది కాదు. తెల్లారేసరికి ఆ ఎడారి చలికి నీళ్లు లోపలే గడ్డకట్టి ఇంజన్ బ్లాకు పగిలింది. పొద్దున ఫోన్ చేశాడు. "అన్నా, ఇంజన్ కింద మంచు గడ్డలు రాల్తున్నయి" అన్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్న శబ్దం వినిపించింది. "ఫోర్‌మన్‌కు చెప్పు" అన్నాను.

అతను తిరిగొచ్చాక ముదీర్ ఇద్దర్నీ నిలబెట్టి నన్ను హిందీలో అడిగాడు: "నువ్వు బండి ఇచ్చినప్పుడు కూలెంట్ ఉందా?"

"ఉంది సార్."

"అయితే దారిలో ఇతనే నీళ్లు పోశాడు," అన్నాడు ఫోర్‌మన్.

జగిత్యాల డ్రైవర్ ముదీర్ వైపు చూడలేదు. నా వైపే చూశాడు. నేను నేల వైపు చూశాను. ముదీర్ "ఖలాస్" అన్నాడు. వీసా క్యాన్సిల్ కొట్టి ఇంటికి పంపేశారు. అతను సామాను సర్దుకునేటప్పుడు నేను డ్యూటీ ఉందని చెప్పి బయటికి వెళ్లి, నైఫ్ బజారులో ఏమీ కొనకుండా తిరిగాను.

గదిలో అతని మంచం మీదికి ఇంకో దేశం మనిషి వచ్చాడు. మంచివాడే. మా ఇద్దరికీ సలామ్ తప్ప మాట కలవదు. సెలవు రోజున ఒక్కడికే వండుకుంటే ఎప్పుడూ కూర మిగిలేది. ఫోన్‌లో ఇంటివాళ్లతో మాట్లాడుతున్నప్పుడు కూడా ఆ చూపే గుర్తొచ్చి మాట మధ్యలో ఆగిపోయేది.

మొన్నీమధ్య ఇక్కడే బనియాస్‌లో ఉండే, ఆ జగిత్యాల డ్రైవర్ ఊరి మనిషి ఒక సంగతి చెప్పాడు. అతనికి మళ్లీ గల్ఫ్ వీసా ఇప్పించడానికి ఏజెంట్ ఒప్పుకోవడం లేదట. ఇంజన్ పగలగొట్టినోణ్ని ఎవడు తీసుకుంటడు అంటున్నాడట. ఊళ్లో వరికోత మిషన్ నడుపుతున్నాడు, అది కూడా సీజన్‌లోనే. నేను అతనికి ఫోన్ చేశాను.

"తమ్మీ, ఆ నీళ్లు నేను పోసినవి."

"ఎర్కనే. నేను పొయ్యలే, బండి నీది. ఇంకెవడు పోస్తడు?"

"మరి ఆనాడు ముదీర్ ముంగట ఎందుకు అనకపోతివి?"

"నువ్వంటవని చూసిన," అన్నాడు. "ఇప్పుడు నాకు చెప్పి ఏం ఫాయిదా అన్నా? ఏజెంట్‌కు చెప్పు" అని పెట్టేశాడు.

ఏజెంట్‌కు చెప్పాను. "నీ ఒక్కని మాట నడవదు, కంపెనీతోటి చెప్పియ్యి" అన్నాడు. ముదీర్ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన అంతా విని, చెయ్యి చాచి, ఆ తర్వాత నాకిచ్చిన బండి తాళాలు తీసుకున్నాడు. ఏజెంట్‌తో మాట్లాడమని అడిగితే, పాత కథ ఎందుకు అన్నాడు. ఇప్పుడు నేను గోదాములో లోడింగ్ పని చేస్తున్నాను. సంగతి యార్డంతా తెలిసింది. భోజనాల దగ్గర నేను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రావడం లేదు. వాళ్లను తప్పుపట్టను.

రోజూ పొద్దున డ్యూటీకి ముందు ముదీర్ ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడుతున్నాను. అక్కడి నుంచి ఏజెంట్‌కు ఒక్క ఫోన్ వెళ్తే అతనికి మళ్లీ స్టీరింగ్ దొరుకుతుంది. ముదీర్ కారు దిగుతూనే నన్ను చూసి "యల్లా, పనికి పో" అంటాడు. వెళ్తాను. రేపు మళ్లీ వచ్చి నిలబడతాను.