ఆరోగ్యవంతుల జాబితాలో నా రక్తం

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా ఒంటరిగా మోస్తున్నాను. ఇక నా వల్ల కావడం లేదు. ఇంట్లో చెప్పే ధైర్యం లేదు కాబట్టి మీకు చెబుతున్నాను. పేరు అడగకండి.

ఎటు చూసినా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల జోరు ఉన్న రోజులు. నేను మాత్రం సికింద్రాబాద్‌లో ఒక చిన్న జన్యు పరీక్షల ల్యాబ్‌లో ఉండేవాణ్ణి. వంశంలో దిగే షుగర్ ఉందేమోనని వచ్చినవాళ్ల జన్యువులో ఏదైనా మార్పు కనిపిస్తే, అది జబ్బు తెచ్చేదా, ఊరికే ఉండేదా తేల్చి రాయడం నా పని. అందుకోసం ఆరోగ్యవంతుల రక్తంతో పోల్చేవాళ్లం; వాళ్లలోనూ అదే మార్పు ఉంటే అది ఊరికే ఉండేదని లెక్క. ఆ ఆరోగ్యవంతులు ఎవరనుకున్నారు? మేమే, ల్యాబ్ స్టాఫ్. రక్తం ఇచ్చేటప్పుడు ఫారంలో 'షుగర్ లేదు' అని రాసి సంతకం పెట్టాను. అప్పటికే నాకు ఉంది. మా అమ్మకూ ఉంది, తాతకూ ఉండేది. కానీ ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయితో నాకు సంబంధం కుదిరేలా ఉంది. తెచ్చింది మా మేనేజరే.

తర్వాత బోయిగూడ నుంచి పద్నాలుగేళ్ల పిల్ల శాంపిల్ వచ్చింది. బక్కపిల్ల, రోజూ ఇన్సులిన్. ఆమె జన్యువులో ఒక మార్పు కనిపించింది. మా ఆరోగ్యవంతుల్లో అదే మార్పు ఒక్కరికి ఉంది. ఆ శాంపిల్ నంబరు నాది.

అప్పుడు అర్థం కాలేదా? అయింది. నా శాంపిల్ తీసేయమనొచ్చుగా? అంటే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెబితే మేనేజర్‌కి తెలుస్తుంది, ఆయన నుంచి అమ్మాయి వాళ్లకి తెలుస్తుంది అని మధ్యాహ్నమంతా భయపడుతూ కూర్చుని, చివరికి 'హాని లేని మార్పు' అని టైపు చేశాను.

రిపోర్టు కోసం వాళ్లమ్మ వచ్చింది.

"సార్, గీ సూదులు బంద్ చెయ్యొచ్చా? పిల్ల మస్తు పరేషాన్ అయితుంది."

"లేదమ్మా. ఈ మార్పుకీ జబ్బుకీ సంబంధం లేదు. ఇన్సులిన్ ఆపకండి."

"సరే సార్. మీరు చూసిన్రు గద, ఇగ మాకు డౌట్ లేదు."

పెళ్లయింది. షుగర్ పెళ్లి తర్వాత వచ్చిందని నా భార్య నమ్మింది. ల్యాబ్ మూతపడింది. ఆ పిల్ల అడ్రసు నాకు గుర్తుంది. ఇప్పటికైనా వెళ్లొచ్చు. వెళితే నా షుగర్ సంగతి బయటపడుతుంది, ముందు ఇంట్లో చెప్పాలి. అందుకే బోయిగూడ మీదుగా వెళ్లాల్సి వస్తే ఆటోవాణ్ణి వేరే దారిన పొమ్మంటాను. సిగ్గుగా ఉంది.

ఇంకొకటి మిగిలింది. ఆ మార్పు ఉన్నవాళ్లలో చాలామందికి సూదులు అక్కర్లేదు, చిన్న మాత్ర సరిపోతుంది. ఆ తల్లితో మాట్లాడిన రోజు పొద్దున కూడా నేను అదే వేసుకుని వచ్చాను.

మీరు క్షమించాలని కాదు. ఈ మాట ఒక్కసారైనా నా నోటి నుంచి బయటికి రావాలి. వచ్చింది.