తుమ్మికూర దొరకని చవితి

హైటెక్ సిటీ గుండ్రటి భవనం లేచే రోజుల్లో మేం మాదాపూర్‌లో ఓ ఇంటి సగభాగంలో కిరాయికి ఉండేవాళ్లం. మాది గోదావరి వైపు. ఓనరమ్మది ఈ ఊరే. మేం కుళాయి నీళ్లు తాగితే, ఆవిడకు తన పాత బావి నీళ్లే తియ్యన. తొలి కాన్పుకు వచ్చిన కూతురికీ అవే తాగించేది.

వినాయక చవితి పొద్దున ఇద్దరం బండల వెనకున్న అడవికి బయలుదేరాం. నాకు పూజకు పత్రి కావాలి, ఆవిడకు వంటకు తుమ్మికూర. చవితి నాడు ఆ కూర తినకపోతే వాళ్లకు పండగే కాదు.

"మీ ఆంధ్రోళ్లు ఆకులన్నీ దేవునికి పెడ్తరు. మేం తింటం" అంది.

"మీరు తినేశాక ఆయనకేం మిగులుతుందండీ?" అన్నాను.

కిందటేడు అక్కడ కాలు పెట్టే సందు లేదు. కానుగ చెట్ల కింద ఉత్తరేణి గింజలు చీరంతా అంటుకుంటే విసుక్కుంటూ ఏరుకున్నాను. ఈసారీ పైన కొమ్మలు పచ్చగానే ఉన్నాయి. కిందికి చూద్దును కదా, తుమ్మి, వాకుడు, ఉమ్మెత్త అన్నీ సలసలా కాగే నీళ్లు పోసినట్టు నల్లగా వాలిపోయాయి. గరిక కూడా తెల్లబడిపోయింది.

"గొర్రెలు మేశాయేమోనండీ" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"గొర్రెలు ఉమ్మెత్త ముడ్తయా?" అని వంగి ఒక మొక్కను పట్టుకుంది. అది వేళ్లతో సహా చేతిలోకి వచ్చేసింది. బాత్రూమ్ కడిగే యాసిడ్ లాంటి వాసన గుప్పుమంది. కొత్త రోడ్డు వైపు నుంచి లారీ చక్రాల గాడి, అందులో పసుపుపచ్చని నీళ్లు. ఎవరి ట్యాంకరో ఇక్కడికొచ్చి ఖాళీ చేసుకుని పోయింది.

నాకు ఒళ్లు మండి ఆ లారీవాణ్ణి తిట్టిపోశాను. రోడ్డు మీద పోయేవాడికి ఈ అడవి నిక్షేపంగా కనిపిస్తుంది. చెట్లు పెద్దవి, ఇంకా తట్టుకుంటున్నాయి. నేలబారు మొక్కలకు అంత శక్తి ఎక్కడిది, అవే ముందు పోయాయి.

ఓనరమ్మ నా తిట్లు వినడం లేదు. ఎండిన మొక్కల చార వెంట ఆవిడ చూపు పల్లంలోకి జారుతోంది. నేనూ అటే చూశాను. ఆ చార తిన్నగా వాళ్ల బావి దాకా పోయింది.

"బిడ్డ" అంది అంతే. కొంగు బిగించి పరుగందుకుంది. నేనూ వెనకే పరుగెత్తాను.

కూతురు అరుగు మీద కూర్చుని చెంబెత్తి నీళ్లు తాగుతోంది. ఓనరమ్మ ఒక్క దెబ్బకు ఆ చెంబును కింద పడగొట్టింది.

ఆ పిల్ల బిత్తరపోయి, కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"ఏందమ్మా, గిట్ల జేస్తివి? నీళ్లు జర చేదుగున్నయనా? మొన్నటిసంది గట్లనే ఉన్నయ్. నా నోరే బాలేదనుకొని తాగుతున్న."