కలిపిన మూడు వారాలు

మా వదిన సీసాలు చూసేది. మందుల సీసాలు చేసే ఫ్యాక్టరీలో, వెనక దీపం వెలిగే తెల్లటి పలక ముందు నిలబడి, బెల్టు మీద కదిలిపోయే సీసాల్లో బీటలు వారినవీ బుడగలున్నవీ ఏరి పక్కన పడెయ్యడం ఆమె పని. ఇరవై తొమ్మిదేళ్లు చేసింది. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చినా వెలుతురుకేసి ఓసారి తిప్పి చూసిగానీ తాగేది కాదు. "నేనేమన్నా విషం కలిపాననుకున్నావా?" అని మా అమ్మ దెప్పేది. "మీరు కలిపితే కనపడనిస్తారా అత్తయ్యా," అనేది వదిన. ఇద్దరూ నవ్వుకునేవారు. అలాంటి మనిషి నెల రోజులపాటు నవ్వు మరిచిపోయింది. ఆ రోజుల్లో ఆమె పక్కన కూర్చున్నది నేనే. అన్నయ్యకి పగటి డ్యూటీ, అమ్మకి మోకాళ్లు. నాకేమో పొద్దున్నపూట లైబ్రరీలో పని, ఆ తర్వాత ఖాళీ. ఎప్పుడూ చేతిలో పుస్తకం ఉంటుందని వదిన నన్ను "పంతులమ్మా" అని పిలిచేది.

ఫ్యాక్టరీలో పలక ముందు తొమ్మిది గంటలు నిలబడాలి. కూర్చుంటే కళ్లు మూతలు పడతాయని సూపర్‌వైజర్ సిద్ధాంతం. కడుపుతో ఉన్నవాళ్లను మాత్రం ఇరవై ఎనిమిది వారాలు నిండాక లేబుళ్ల బల్ల దగ్గరికి మార్చేవారు. అక్కడ స్టూలు ఉంటుంది. వారాలు లెక్క కట్టేది ఫ్యాక్టరీ నర్సు, మనం చెప్పిన నెలసరి తేదీని బట్టి. అందుకని అక్కడి ఆడవాళ్లలో ఎప్పట్నుంచో ఒక ఒప్పందం నడుస్తోంది: ఆ తేదీని మూడు వారాలు వెనక్కి జరిపి చెప్పడం. రెండు కలిపితే కాళ్లకు చాలవు, నాలుగు కలిపితే పొట్ట చూసి నర్సు పట్టేస్తుంది, మూడైతే సరి. వాటికి 'కూర్చునే వారాలు' అని పేరు కూడా పెట్టుకున్నారు. వదినకి ఈ మాట చెవిలో వేసింది పక్క పలక దగ్గర నిలబడే పొడుగమ్మ. ఆవిడకీ అప్పుడు నెలలే, కాళ్ల మీద నరాలు తాళ్లలా ఉబ్బి ఉండేవి.

వదిన ఆసుపత్రికి మొదటిసారి వెళ్లింది ఆరో నెల దాటాక. నర్సు రాసిచ్చిన ఫ్యాక్టరీ కార్డు మీదున్న తేదీనే అక్కడివాళ్లు ఎక్కించుకున్నారు. మొదటి స్కానింగు నాటికి కాగితం మీద ముప్పై రెండు వారాలు. నిజానికి ఇరవై తొమ్మిది.

స్కాన్ గదిలో మసక వెలుతురు. పరదాకి ఒక కొక్కెం ఊడి మూల వేలాడేది. స్కాన్ డాక్టరమ్మ తెరకేసి చూస్తూ తల ఇంత, పొట్ట ఇంత, తొడ ఎముక ఇంత అని అంకెలు చెబుతుంటే ఒక గుమాస్తా రాసుకునేవాడు. తెర వదిన వైపు తిరిగి ఉండేది కాదు. పైకప్పు చూస్తూ పడుకోవాలి, అంతే.

"తేదీ కరెక్టేనా అమ్మా?"

"కరెక్టేనండి."

"బిడ్డ చిన్నగా ఉంది. మూడు వారాలు వెనకబడింది. రెండు వారాలాగి మళ్లీ చూద్దాం."

వరండాలోకి రాగానే వదిన నా భుజం మీద వాలి పగలబడి నవ్వింది. నాకు సంగతి చెప్పింది అప్పుడే. "సరిగ్గా మూడు వారాలు! ఆ మిషన్ ఎంత గట్టిదో చూశావా పంతులమ్మా, నర్సుకి దొరకని దొంగని పట్టేసింది." నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అమ్మకి చిన్నగా ఉందనే చెప్పాం. ఆ పూట నుంచీ అమ్మ వదిన కంచం ముందు కాపలా కూర్చుంది. "పిట్ట తిన్నట్టు తింటే బిడ్డెక్కణ్ణుంచి పెరుగుతుంది? తిను, మాట్లాడకు." కక్కొస్తున్నా వదిన తినేది. ఏమని చెబుతుంది?

రెండో స్కానింగులో డాక్టరమ్మ ఒకే చోట మూడుసార్లు కొలిచింది. "పెరగాల్సినంత పెరగలేదు. ఇప్పుడు నాలుగు వారాల తేడా వచ్చింది. బొడ్డుపేగులో రక్తం బాగానే వెళుతోంది గానీ, ఇకనుంచి వారం వారం రావాలి. తేదీ మరోసారి ఆలోచించుకుని చెప్పు."

"కరెక్టేనండి."

ఆ రోజు వరండాలో నవ్వలేదు. కుర్చీలో కూర్చుని వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉంది. "మూడు నావి," అంది. "మరి ఆ నాలుగోది ఎవరిది?"

పుస్తకాలు తిరగేస్తాను కాబట్టి నాకు తెలుస్తుందనుకుందేమో. కొలతలో అటూ ఇటూ కావచ్చన్నాను. ఆమె ఒప్పుకోలేదు. తొమ్మిది గంటలు గాజులో లోపాలు వెతికే మనిషికి, ఉందో లేదో తెలియని లోపం కడుపులో ఉండటం ఎలాంటిదో నేను ఊహించగలను, అంతే.

"చెప్పేద్దాం వదినా."

"చెబితే? ఓహో, అయితే బిడ్డ బాగానే ఉంది, వెళ్లి రా అంటారు. చూడ్డం మానేస్తారు. ఆ నాలుగోది నిజమైతే?"

"చెప్పకపోతే?"

"నెలలు నిండాయనుకుని ముందే తీసేస్తారు." వరండాలో అటూ ఇటూ చూసి అంది, "కార్డు దొంగదని తెలిస్తే అందరి కార్డులూ తీస్తారు. పొడుగమ్మ ఇంకో మూడు వారాలకి స్టూలెక్కాలి."

తర్వాతి రెండు స్కానింగులూ అలాగే గడిచాయి. అదే పరదా, పొట్ట మీద అదే చల్లటి జిగురు, అదే ప్రశ్న. నాలుగోసారి డాక్టరమ్మ ఇంటికి పంపలేదు. అటునుంచటే వార్డులో చేర్చారు. వదిన మంచం పక్క కిటికీ తీస్తే చేతికందేటంత దగ్గర్లో మరో గోడ. పూటకోసారి పొట్టకు పట్టీ కట్టి, గుండె చప్పుడు గీతలుగా అచ్చయ్యే మిషన్‌కి తగిలించేవారు. అరగంట కదలకూడదు. చప్పుడు ఏ మాత్రం తడబడ్డా వదిన నా చెయ్యి నొక్కేది. రాత్రులు నిద్రపోయేది కాదని పక్క మంచం ఆవిడ చెప్పింది.

వారం తిరిగేసరికి పెద్ద డాక్టరమ్మ వచ్చి, ముప్పై ఏడు నిండాయి, రేపు ఆపరేషన్ చేసి తీసేద్దాం అంది. వదిన మంచం మీద లేచి కూర్చుంది.

"నిండలేదు డాక్టరుగారూ. ముప్పై నాలుగే. నేను అబద్ధం చెప్పాను."

"ఎప్పుడు? అప్పుడా, ఇప్పుడా?"

"అప్పుడు."

"తీసేద్దామనేసరికి అందరికీ కొత్త తేదీలు గుర్తొస్తాయి. అంత భయమెందుకమ్మా?"

నాకు నోరు ఊరుకోలేదు. "నిజమేనండి. నాకు ముందే తెలుసు."

"నువ్వెవరు?"

"ఆడపడుచుని."

"ఆడపడుచు వదినని వెనకేసుకురావడం నా సర్వీసులో ఇదే చూడటం," అంది ఆవిడ. వార్డంతా నవ్వింది. వదిన నవ్వలేదు. స్టూలు సంగతి, నర్సు సంగతి, మూడు వారాల ఒప్పందం అన్నీ ఏకబిగిన చెప్పేసింది. పొడుగమ్మ పేరు మాత్రం చెప్పలేదు. పెద్ద డాక్టరమ్మ చాలాసేపు స్కాన్ కాగితాలు తిప్పింది.

"బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి నీకు రెండు ఇంజెక్షన్లు వేయిస్తాను. నీ మాట నమ్మి కాదు, నమ్మకపోతే నష్టపోయేది బిడ్డ కాబట్టి. వారం ఆగుదాం. మధ్యలో గీత పడిపోతే మాత్రం ఇక నీ తేదీలూ లేవు, నా తేదీలూ లేవు."

వారం ఆగలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మిషన్ చప్పుడు నెమ్మదించి, లేచి, మళ్లీ నెమ్మదించింది. గంటలో వదినని లోపలికి తీసుకుపోయారు. ఆడపిల్ల. కిలో ఆరువందలు. ఏడ్చింది, ఏడ్చిందని నర్సు బయటికొచ్చి చెబితే అన్నయ్య ఆమె వెనకే తలుపు దాకా నడిచాడు.

పిల్లల డాక్టరు నా కళ్లముందే పాపను పరీక్ష చేశాడు. బొటనవేలితో అరికాలు నిమిరి చూశాడు. గీతలు పైసగంలోనే ఉన్నాయి, కింద నున్నగా ఉంది. చెవి మడిచి వదిలితే మెల్లగా విచ్చుకుంది. "ముప్పై అయిదు కూడా నిండలేదే! కార్డులో ఇలా రాశారేంటి?" అన్నాడు. కాసేపటికి తూకం కాగితం చూసి, "ఆ లెక్కన చూసినా చిన్నదే," అన్నాడు.

ఆ కార్డుని ఎర్రసిరాతో దిద్ది ఫ్యాక్టరీకి పంపారు. వదిన భయపడ్డట్టే అయింది. అందరి కార్డులూ తీశారు. అప్పుడే స్టూలెక్కిన పొడుగమ్మ దిగి, మళ్లీ పదహారు రోజులు పలక ముందు నిలబడింది. అంత మంచి కన్ను మరొకటి దొరకదని వదినని ఉంచుకున్నారు గానీ, పొడుగమ్మ ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. ఎదురుపడితే తల పక్కకి తిప్పుకునేదట.

కానీ అదంతా తర్వాత. కాన్పైన మూడో రోజున పెద్ద డాక్టరమ్మ వదిన మంచం దగ్గరికి వచ్చింది.

"నీ రెండో తేదీయే సరైంది," అంది.

"నిజంగానే చిన్నదా డాక్టరుగారూ, ముందు తీశారు కాబట్టి చిన్నదా?"

"రెండూ. నువ్వు మొదట్లోనే నిజం చెప్పుంటే ఇన్నిసార్లు స్కాన్ చేసేవాళ్లం కాదు, చిన్నదని తెలిసేది కాదు. చివర్లో చెప్పకపోతే ఇంజెక్షన్లు పడేవి కావు, పాప అలా ఏడ్చేది కాదేమో."

"మరి నేను చేసింది మంచా, చెడా?"

ఆవిడ కాగితం మీద ఏదో రాస్తూనే ఉంది. "నన్నడిగితే ఏం చెప్పను? మూడు గంటలైంది. గాజుపెట్టెలో పాపకి పాలు పిండావా?"

"లేదండి."

"లే మరి."

వదిన కుట్లమీద ఒక చెయ్యి వేసుకుని, రెండో చేత్తో నా మెడ పట్టుకుని, మంచం దిగింది.