పిన్ని కారు వెనక సీటు

మా పిన్నికి కారు నడపడం వచ్చు, కారు గురించి ఏమీ తెలియదు. ఈ మాట తనే చెబుతుంది. బాబాయికి చూపు మందగించాక ఆయన టాక్సీని తనే తిప్పుతోంది.

ఆ కారులో ఎప్పుడూ ఎక్కే మనిషి మా వీధి దర్జీ పెద్దమ్మ. కిడ్నీలు పాడైపోయి, రక్తం శుభ్రం చేయించుకోవడానికి కొండ అవతలి ఆసుపత్రికి వెళ్లాలి. దారంతా మలుపులే. ప్రతి మలుపులోనూ కారు ఊగేది, పెద్దమ్మ వాంతి చేసుకునేది. ఒకరోజు తిరిగొచ్చి గుమ్మంలో కూలబడింది.

"ఇంక నా వల్ల కాదే. చస్తే ఇంట్లోనే చస్తాను, నీ కారెక్కి చావలేను."

పెద్దమ్మ ఆసుపత్రి మానేస్తే ఏమవుతుందో పిన్నికి తెలుసు. మర్నాడే టైర్ల షాపుకి పరిగెత్తింది.

"వెడల్పు టైర్లు, పెద్ద అల్లాయ్ చక్రాలు వేసుకో అక్కా. రోడ్డుని ఉడుములా పట్టుకుంటాయి," అన్నాడు షాపాయన.

పక్క షెడ్డు మేస్త్రి ఊరుకుంటాడా? "పొట్టి స్ప్రింగులు వేస్తే కారు కిందికి దిగుతుంది. ఊగమన్నా ఊగదు."

పిన్ని అన్నీ ఒకేసారి వేయించేసింది. ఒక్కొక్కటిగా చేయడం తనకి చేతకాదు.

నిజంగానే ఊగడం తగ్గింది. స్టీరింగ్ తిప్పీ తిప్పకముందే కారు తిరిగేది. పిన్ని మురిసిపోయి, పెద్దమ్మని బతిమాలి ఎక్కించుకుంది. ఈసారి గుంటల్లో ఎగరడం మొదలైంది.

"ఊగుడు పోయి ఎగురుడు వచ్చిందే! ఎముకలైనా మిగల్చవా?" అంది పెద్దమ్మ.

షాపాయన టైర్లలో గాలి తగ్గించమన్నాడు. తగ్గిస్తే రిమ్ములు దెబ్బతింటాయి, పెంచమన్నాడు మేస్త్రి. పిన్ని పొద్దున తగ్గించి సాయంత్రం పెంచేది. అడకత్తెరలో పోకచెక్కలా అయింది తన పని.

చివరికి నన్ను పిలిచింది. "సలహా చెప్పేవాళ్లందరూ ముందు సీట్లోనే కూర్చుంటున్నారే. నేనూ అంతే. పెద్దమ్మ కూర్చునే వెనక సీట్లో కూర్చున్న పాపాన పోలేదు. నువ్వు నడుపు."

పిన్ని వెనక కూర్చుంది, నేను నడిపాను. గుంట దాటగానే వెనక నుంచి కేక. "గుంట అయిపోయిందిగా, ఇంకా ఎగురుతోందేమే?"

అటునుంచి అటే షెడ్డుకి వెళ్లాం. మేస్త్రి డిక్కీ మీద గట్టిగా నొక్కి వదిలాడు. కారు ఆగకుండా తలాడించింది.

"వెనక, కుదుపుల్ని ఆపే షాకబ్జార్లు ఎప్పుడో పోయాయమ్మా."

"మరి అప్పుడే చెప్పవేం?"

"ఊగుతోందన్నావు గానీ గుంట దాటాక కూడా ఎగురుతోందని చెప్పలేదుగా!"

పిన్ని మళ్లీ అన్నీ ఒకేసారి చేయించింది. కొత్త షాకబ్జార్లు, పాత స్ప్రింగులు, పాత చక్రాలు. గాలేమో కారు కంపెనీవాళ్లు తలుపు దగ్గర అంటించిన కాగితంలో రాసి ఉన్నంత. పైగా వెనక కూర్చున్నప్పటి భయంతో మలుపుల్లో మెల్లగా పోవడం నేర్చుకుంది.

"ఈ ఒక్కసారికి," అంటూ పెద్దమ్మ సంచీలో ప్లాస్టిక్ కవర్లు కుక్కుకుని ఎక్కింది. కొండ మొదట్లో పిన్ని అద్దంలో చూస్తే కళ్లు మూసుకుని ఉంది. మలుపులన్నీ దాటాక చూస్తే గురక పెడుతోంది. ఆసుపత్రి గేటు దగ్గర లేచి, "ఏం చేశావే దీన్ని?" అనడిగింది.

"తెలీదు పెద్దమ్మా," అంది పిన్ని. "టైర్లో, స్ప్రింగులో, ఆ షాకబ్జార్లో, నేనో! వీటిల్లో ఏది కుదిరిందో తెలీదు. ఇక దేన్నీ ముట్టుకోను, నువ్వు మాత్రం రావడం మానకు."