గాలి మీద నిలబడ్డ ఇల్లు

నాలుగు ఇనప స్టాండ్లు అద్దెకి తెమ్మన్న మనిషిని రెండింటికే ఒప్పించాను. అంత గొప్ప బేరం మా దుకాణాల వంశంలో ఎవరూ చేసి ఉండరు. ఈ ఉదయం మా దీవిలో, షాదీపూర్‌లో బస్సు తలుపు ‘స్స్’మంటూ తెరుచుకోగానే ఆ బేరం గుర్తొచ్చి, ఎక్కబోతున్నదాన్ని ఆగిపోయాను.

ఆ మనిషి అప్పన్న బాబాయి, లంబాలైన్‌లో మెకానిక్కు. నేను టూరిస్టుల కోసం కొన్న పాత క్యారవాన్‌కి, అంటే మంచాలూ వంటగదీ ఉన్న బస్సుకి, చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీల బదులు గాలి నింపిన రబ్బరు సంచులుండేవి. ఎక్కడో గాలి కారుతోంది. మర్నాడు ఓడ దిగేవాళ్లకి మాటిచ్చేశాను.

బాబాయి పద్ధతి విచిత్రం. బండి అడుగున ఉండే ఛాసిస్ చట్రం కింద స్టాండ్లు పెట్టి, సంచుల్లో గాలంతా తానే వదిలేసేవాడు. బండి మూలుగుతూ ఇనుము మీద కూర్చునేది. బీడీ ఒకటి పూర్తిగా కాలేదాకా దాని వంకే చూసి, అప్పుడు కిందికి దూరేవాడు.

“పడాల్సింది ముందు పడిపోనీ బేటీ. ఆ తరవాతే మనం.”

ఆ రోజు ముందు వైపుకే స్టాండ్లు సరిపోయాయి. “ఎనకాల ఏటి పెడతావు, నీ బేరమా?” అని తిట్టి, గట్టి పడాక్ కలప దుంగల కోసం ఆస్టినాబాద్ బయలుదేరాడు. “నేనొచ్చీదాకా ముట్టుకోకు. సమ్‌ఝీ?”

“పొద్దుట్నుంచీ నిలబడే ఉంది కదా బాబాయ్!”

“నిలబడ్నేదు. ఊపిరి బిగబట్టింది.”

అరగంట ఓర్చుకున్నాను. తరవాత వెనక చక్రాల మధ్యకి పాకాను. మిట్టమధ్యాహ్నం. ఇంజను ఆపి ఉంది, లోపల ఎవరూ లేరు. అయినా ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు. దాని వెంటే పోయి ఒక గొట్టాన్ని వేలితో తాకాను. బండి దీర్ఘంగా నిట్టూర్చింది. అంచున కనిపిస్తున్న ఎండ సన్నబడసాగింది. పైన ఖాళీ వంటగదిలో గరిటె ఒకటి తనంతట తానే దొర్లింది. చల్లటి ఇనుము నా జుట్టును తాకింది, నెమ్మదిగా, నిమిరినట్టు.

“బేటీ!”

ఒక చేత్తో నా కాలు లాగుతూ, రెండో చేత్తో ఛాసిస్ కిందికి దుంగ తోశాడు బాబాయి. నేను బయటికొచ్చాను. ఆయన చెయ్యి రాలేదు.

ఆసుపత్రిలో ఏడుస్తుంటే ఆయనే నన్ను ఓదార్చాడు. “ఛుప్. పడాల్సింది పడిపోనాది కదా, ఇంక పడదు.” తరవాత ఆ చేత్తోనే నాకు పని నేర్పాడు.

బాబాయి ఇప్పుడు లేడు. నేను బీడీ కాల్చను. అయినా బండి కిందికి వెళ్లేముందు ఒక బీడీ కాలేంతసేపు కదలకుండా చూస్తాను.

లెక్క తగ్గించకుండా చెబుతున్నాను. నాకు మిగిలింది రెండు స్టాండ్ల ఒక్కరోజు అద్దె. ఆయనకు పోయింది ఎడమచేతి రెండు వేళ్లు.