శంకర్ చెయ్యి పట్టింది నేను కాదు

దెయ్యం కథలు చెప్పేవాణ్ణే గాని నమ్మేవాణ్ణి కాదు. సిరొంచలో మా బట్టల దుకాణానికి వచ్చినవాళ్లకు చీర మడత విప్పుతూ ఒకటి, గుడ్డ కొలిచి చింపుతూ ఇంకొకటి వదులుతుంటాను. అన్నీ కల్పించినవే. ఇది మాత్రం కాదు.

మొన్న వానలు తగ్గాక మా ఆవిడ రాజేశ్వరి, ఆమె తమ్ముడు శంకర్, నేను సోమనూరు వైపు వెళ్లాం. అడవిలో కాలిబాట పట్టి చాలాసేపు నడిస్తే, ఇంద్రావతి బండల మీద నురగలు కక్కుతూ దూకే చోటు వస్తుంది. మిట్టమధ్యాహ్నం. మంచి ఎండ.

శంకర్ ఫోటో కోసం రాయి మీంచి రాయికి గెంతుతూ నడి ఏట్లో బండ దాకా పోయాడు. అంతలో నీళ్ల రంగు మారింది. ఎగువన ఎక్కడో వాన పడ్డట్టుంది. చూస్తుండగానే అతను దాటిపోయిన రాళ్లన్నీ మునిగిపోయాయి.

నాకు ఈత రాదు. మోకాలి లోతు దాటి ఏనాడూ ఏట్లో దిగలేదు. అయినా దిగబోయాను. రాజేశ్వరి వెనక నుంచి నా చొక్కా పట్టేసింది.

"నువ్వు గూడ పోతె నేనేం జెయ్యాలె!" అని ఒకటే ఏడుపు.

చుట్టుపక్కల మనిషి లేడు. ఫోన్లకు సిగ్నల్ లేదు. అరిస్తే ఆ హోరులో నా గొంతు నాకే వినబడలేదు. నీళ్లు శంకర్ మోకాళ్లకు, తర్వాత నడుముకు వచ్చాయి. మేం చూస్తూ నిలబడ్డాం. అంతకు మించి ఏం చేయగలం?

అప్పుడు శంకర్ కుడిచెయ్యి పక్కకు చాపాడు. ఎవరో అందుకుని లాగినట్టు ఆ చెయ్యి బిగుసుకుంది. పక్కన ఎవరూ లేరు. ఛాతీ లోతు నీళ్లలో ఒక్కో అడుగే వేస్తూ ఒడ్డుకు వచ్చేశాడు.

వస్తూనే నన్ను వాటేసుకున్నాడు.

"ఎంత పని జేసినవ్ బావా! నీ మొఖం జూస్కుంటనే వచ్చిన. ఎగువ దిక్కు నిలబడి మణికట్టు వట్టినవ్. వేళ్లు వట్టుకుంటె జారిపోతుండె. ఏటి కాడోళ్ల పట్టు గది, నువ్వెక్కడ నేర్చినవ్?"

నా చొక్కా తడిసింది అప్పుడే, అతని ఒంటి నీళ్లతో.

"నేను దిగనే లేదుర. మీ అక్కనడుగు."

రాజేశ్వరి కూడా దేవుడి మీద ఒట్టేసి చెప్పింది. శంకర్ పడీ పడీ నవ్వాడు.

"ఇద్దరు గల్సి నన్ను ఆడుకుంటున్నరా? బావ ముచ్చట్లు నాకెర్కలేవా!"

ఆ చెయ్యి ఎవరిదో ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు. ఒక్కటే తెలుసు. శంకర్‌కు ఏరంటే భయం పోయింది. సెలవు దొరికితే చాలు, బండేసుకుని అక్కడికే పోతున్నాడు. పోయిన ప్రతిసారీ ఇంకాస్త లోపలికి దిగుతున్నాడట. వద్దని కాళ్లావేళ్లా పడ్డాను.

"నువ్వున్నవ్ గద బావా, నాకేం భయం," అంటాడు.

అతను అక్కడ నీళ్లలో దిగే వేళకు నేను ఇక్కడ ఇంట్లో ఉంటాను.