పైడిరాజుని కళింగపట్నం తీసుకెళ్లాం, ఆలస్యంగా

ఈ ప్రయాణం అడిగింది పైడిరాజు. విజయనగరంలో మోటార్లు బాగుచేసే షాపు వాడిది, నాకు ఇరవై ఏళ్ల స్నేహితుడు. గుట్కా మానమంటే నవ్వేవాడు. వినాయక చవితికి వారం ముందు నోరు చూపించాడు. లోపల మానని పుండు, రెండు వేళ్లు పట్టేంత మాత్రమే తెరుచుకుంటోంది. "ముందు మందులు, దసరా తరవాత దవడ కోత అన్నారు. ఈలోగా ఓపాలి కళింగపట్నంలో సేపల పులుసు తిందాంరా" అన్నాడు. నేను మర్నాడే భవానీ మాల వేసుకుంటున్నాను. నలభై ఒక్క రోజులు నీసు వాసన కూడా తగలకూడదు, దసరా వెళ్లనీ అన్నాను. సరేనన్నాడు. మాల వేసుకుంటానన్నవాడికి మా వైపు ఎవరూ ఎదురు చెప్పరు.

దసరా వెళ్లి, సిరిమాను సంబరం కూడా అయ్యాక వచ్చిన ఆదివారం, ఉదయం ఏడింటికి బయల్దేరాం. కారు సింహాచలంది, మా మూడో స్నేహితుడు. హైవే మీద శ్రీకాకుళం గంటన్నర. బస్సులో వచ్చేవాళ్లు అక్కడ కాంప్లెక్స్‌లో కళింగపట్నం బస్సు ఎక్కితే ఇంకో గంట. దారి పొడుగునా వరి పొట్ట మీదుంది, ఎండ మెత్తగా ఉంది. అంత చక్కటి రోజును చూస్తే నాకు ఒళ్లు మండింది. వెనక సీట్లో పైడిరాజు తాగిన నీళ్లు పెదాల పక్కనుంచి చొక్కా మీదకి కారుతున్నాయి. నోరు ఇప్పుడెంత తెరుచుకుంటోందిరా అని అడిగాను. చిటికెన వేలు చూపించి, అదీ కష్టమేనన్నట్టు తల ఊపాడు.

పదింటికి చేరాం. ఒడ్డున పడవలు, ఇసుక మీద ఎండబెట్టిన చేపలు. నూకమ్మప్ప అక్కడ తన ఇంట్లోనే వండి పెడుతుంది, ముందురోజు ఫోన్ చేస్తే చాలు, భోజనం రెండు వందలు. సింహాచలం ఫోన్‌లో కారం దండిగా వెయ్యమన్నాడు, పైడిరాజుకి అలాగే ఇష్టమని. వాడి సంగతి ఆవిడకి చెప్పలేదు. చెబితే వాడు రోగి అయిపోతాడని మా ఇద్దరికీ భయం.

పన్నెండున్నరకి పండుగప్ప పులుసు, ఇగురు, వేడన్నం వడ్డించింది. పైడిరాజు పులుసులో అన్నం మెత్తగా పిసికి, వేలితో పళ్ల సందులోంచి తోశాడు. కారం పుండుకి తగిలింది. దవడ పట్టుకుని గోడకి తిరిగిపోయాడు, భుజాలు కదులుతున్నాయి.

"ఏటి బాబూ, ఏటైనాది?" అంది నూకమ్మప్ప. అప్పుడు చెప్పాం. ఆవిడ మమ్మల్నిద్దర్నీ చూసింది. "ముందే సెప్తే కారం ఎయ్యకముందు రెండు ముక్కలు తీసి పెట్టీదాన్ని కదా. గంజిలో మెదిపి ఇద్దును. ఇప్పుడేటి సెయ్యను?" చేప ఇంకెక్కడా దొరకలేదు, పొద్దుటి వల ఖాళీ అయిపోయింది.

"మీరు తినండిరా, నేను సూస్తాను" అన్నాడు పైడిరాజు, మజ్జిగ గ్లాసు పట్టుకుని. తిన్నాం. పులుసు అద్భుతంగా ఉంది. "ఎలాగున్నాదిరా?" అని అడిగాడు. బాగోలేదన్నాను. "అబద్దం సెప్పకు" అన్నాడు, నా పళ్లెం మీంచి చూపు తిప్పకుండా.

ఆపరేషన్ బుధవారం. తర్వాత గొట్టంతోనే తిండి అన్నారు, ఎన్నాళ్లో చెప్పలేదు. నా మాల వచ్చే ఏడాది వేసుకున్నా అమ్మవారు ఏమీ అనేది కాదు. లేదంటే మాలతోనే వాడితో వెళ్లి, పెరుగన్నం తిని, దూరంగా ఇసుకలో కూర్చుని ఉండొచ్చు. ఆ రోజు అది నాకు తోచనే లేదు. భక్తి అనుకున్నాను, ఇప్పుడు ఆ మాట నాకే అసహ్యంగా ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. మీతో నమలలేని మనిషి ఉంటే వంట చేసేవాళ్లకి ముందురోజు ఫోన్‌లోనే చెప్పండి. రోగం పేరు చెప్పక్కర్లేదు. ఒకరికి కారం వద్దు అంటే సరిపోతుంది. మేం ఆ మూడు మాటలు అనలేకపోయాం.